పాత యిండ్ల పేరులు, పాత లెక్కల సాక్ష్యము
(వేల్సు దేశపు బసయిండ్లను, కమతములను వెదకు విధము)

మా తాతగారి గ్రామములో బాటప్రక్కను ఒక పాత పెంకుటిల్లుండెను. ఊరివారందఱును దానిని 'పూటకూళ్లవారి యిల్లు' అని పిలుచుచుండిరి. నా చిన్ననాట ఆ యింట కాపురముండినవారు సేద్యము చేసికొనువారు. డబ్బు పుచ్చుకొని బాటసారులకు అచ్చట అన్నము పెట్టుటను మా తాతగారు సయితము చూచి యెఱుగరు. వృత్తి పోయినను పేరు మాత్రము పోలేదు. కారణమేమని అడుగగా మా నాయనమ్మగారు, "ఎప్పుడో బండ్లబాట యిటుగా పోయెడిది నాయనా" అని చెప్పిరి.

కొన్ని సంవత్సరముల తరువాత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు స్వగ్రామ చరిత్ర వ్రాసి తెమ్మని పని యియ్యబడెను. నేను ఆ యింటిని గూర్చి వినినదంతయు ఉత్సాహముతో నాలుగు పుటలు వ్రాసితిని. అధ్యాపకులు దానిని చదివి, "వ్రాతమూలకమైన ఆధార మేది?" అని అంచున ఒక్క వాక్యము వ్రాసి తిరిగి యిచ్చిరి. నాయొద్ద ఆధార మేమియు లేదు. అప్పటికి నాయనమ్మగారు కాలము చేసిరి. ఇల్లు కూడ పడగొట్టబడెను. నాడు కలిగిన సిగ్గే తరువాత నన్నొక ప్రశ్న వెంట నడిపించినది. రాజుల చరిత్ర శాసనములలో నుండును. సామాన్యుల యిండ్ల చరిత్ర ఎచ్చట నుండును? ఈ ప్రశ్నకు చక్కని జవాబు నాకు వేల్సు దేశమునందు దొరకినది. దానిని మన పాఠశాల చదువరుల ముందుంచుటకే ఈ వ్యాసము.

వేల్సు, ఇంగ్లండునకు పడమట నున్న కొండల దేశము. విస్తీర్ణము సుమారు 8,000 చదరపు మైళ్లు. 2021వ సంవత్సరపు జనాభా లెక్క ప్రకారము అచ్చటి జనులు దాదాపు 31 లక్షలు. వారికి ఇంగ్లీషుగాక స్వంత భాష కలదు. అది వెల్షు భాష. బిషప్ విలియం మోర్గన్ ఆ భాషలోనికి తర్జుమా చేసిన సంపూర్ణ బైబిలు గ్రంథము 1588లో అచ్చయి, ఆ భాషను నిలువబెట్టిన స్తంభములలో ఒకటి యయ్యెను. ఆ దేశపు పల్లెలు మన పల్లెలవలె ఇండ్లన్నియు ఒక్కచోట గుమిగూడినవి కావు. కొండ చరియలయందు ఒక్కొక్క కమతమునకు ఒక్కొక్క యిల్లు దూరదూరముగా నుండును. ప్రతి కమతమునకును ఒక పేరు కలదు. 'హెన్‌ద్రె' యనిన పాత నివాసము, అనగా చలికాలపు ఇల్లు. 'హావోద్' అనిన వేసవిలో పశువులను కొండమీదికి తోలుకొనిపోయినప్పుడు ఉండెడి ఇల్లు. 'తీ మౌర్' అనిన పెద్దయిల్లు. 'తవర్న్' అనిన బాటసారులు దిగెడి బసయిల్లు.

కమతమునకును బసయింటికిని సంబంధ మేమని మీరడుగవచ్చును. పూర్వకాలపు వెల్షు పల్లెలో తఱచుగా ఆ రెండును ఒక్కటే. పురుషుడు పొలము దున్నును. ఇల్లాలు బార్లీతో బీరు కాచి వచ్చిపోవువారికి అమ్మును. బాటసారికి పడకయు, గుఱ్ఱమునకు గడ్డియు నచ్చటనే దొరకును. బాట రద్దీగా నున్నంతకాలము అది బసయిల్లు. బాట మారినచో అది మరల వట్టి కమతము. కావున ఒక యింటి చరిత్రను వెదకువాడు దానిని ఒక పట్టీలో సారా దుకాణములలోను, మఱియొక పట్టీలో పొలముల నడుమను వెదకవలసి యుండును.

బాటలపై నడచినవారిలో ముఖ్యులు పశువులు తోలువారు. వెల్షు భాషలో వారిని 'పోర్థ్‌మిన్' అందురు. వారు కొండలలో పెరిగిన నల్లని పశువులను మందలుగా చేర్చి, ఇంగ్లండు సంతలకు వందల మైళ్లు నడిపించుకొని పోవుచుండిరి. రాతిబాటలకు గిట్టలు అరుగకుండ పశువులకు సయితము నాడాలు కొట్టించెడివారు. రాత్రివేళ తోలువారు బసయింటను, మంద ప్రక్కచేనిలోను దిగును. రొక్కము చేతబట్టుకొని తిరుగుట అపాయకరమగుటచే వారి వ్యాపారము నుండియే బ్యాంకులు పుట్టినవి. 1799లో డేవిడ్ జోన్సు అను నాతడు లాన్‌డవరి పట్టణమందలి కింగ్స్ హెడ్ అను బసయింటిలో నల్లయెద్దు బ్యాంకును స్థాపించెను. అది 1909లో లాయిడ్సు బ్యాంకులో కలిసిపోయెను. రైళ్లు వచ్చిన పిమ్మట పశువులు బండ్లెక్కినవి, బాటలు పాడుపడినవి, బసయిండ్లు ఒక్కొక్కటిగా మూతపడినవి.

ఇందుకు కెర్నియోగె అను స్థలము మంచి ఉదాహరణము. లండను నుండి హోలీహెడ్ రేవునకు పోవు రాజమార్గమును థామస్ టెల్‌ఫర్డ్ అను ఇంజనీరు 1815 మొదలు 1826 వఱకు క్రొత్తగా నిర్మించెను. ఆ బాటలో ఉత్తర వేల్సునందు పెంత్రెవోలాస్ అను గ్రామమునకు సమీపమున కెర్నియోగె యను గొప్ప బసయిల్లుండెను. తపాలాబండ్లకు అచ్చట గుఱ్ఱములను మార్చెడివారు. టెల్‌ఫర్డ్ నాటించిన మైలురాళ్లమీది ఇనుప పలకలపై హోలీహెడ్ మొదలగు ఊళ్ల పేళ్లతోపాటు కెర్నియోగె పేరు కూడ పోతపోయబడెను. 1850లో మెనాయి జలసంధిపై బ్రిటానియా రైలు వంతెన తెఱవబడి రైలుదారి సంపూర్ణము కాగా, గుఱ్ఱపుబండ్ల కాలము ముగిసెను. బసయిల్లు కమత మయ్యెను. నేడు ఆ మార్గమున పోవువాడు మైలురాతిమీది పేరు చూచి, ఇది యే పట్టణమో యని వెదకినచో పట్టణము కనబడదు. ఒక కమతము మాత్రమే కనబడును. మా ఊరి పూటకూళ్లవారి యింటికిని దీనికిని భేదమేమనగా, దీని పేరు ఇనుములో పోయబడినది. దానిది నోటిమాటలో నిలిచి, నోటితోనే పోయినది.

ఐతే ఇనుప పలకలు దొరకెడి భాగ్యము అన్ని యిండ్లకును లేదు. మిగిలినవాటికి కాగితములే గతి. ఏ కాగితములు ఏమి చెప్పునో ఇక క్రమముగా చూతము.

అన్నిటికంటె ముందు చూడదగినది దశమభాగపు పటము. ప్రాచీనకాలము నుండి రైతులు తమ పంటలో పదియవ భాగమును దేవాలయమునకు ధాన్యరూపమున చెల్లించెడివారు. 1836లో పార్లమెంటు ఒక శాసనము చేసి, ఆ ధాన్యమునకు మాఱుగా రొక్కము చెల్లింపవలెనని నిర్ణయించెను. ఎవరు ఎంత చెల్లింపవలెనో తేల్చుటకు ప్రతి పేరిషునందును పొలములను కొలిచి పటములు గీసిరి. వేల్సులో ఈ పని చాల వఱకు 1838 మొదలు 1850 లోపల జరిగెను. ప్రతి పటముతోడను ఒక పట్టీ యుండును. భూస్వామి యెవరు, సాగుచేయువా డెవరు, పటములో చేని నంబరేది, చేని పేరేమి, అది దున్నునదియా పచ్చికయా, విస్తీర్ణ మెంత, చెల్లింపవలసిన రొక్క మెంత, అని వరుసగా గడులుండును. మన గ్రామములలో పూర్వము కరణములు వ్రాసిన అడంగలును, గ్రామపటమును జతచేసి చూచినవారికి దీని యుపయోగము వెంటనే బోధపడును. విస్తీర్ణమును ఎకరములలోను, రూడులలోను, పెర్చీలలోను వ్రాసిరి. 40 పెర్చీలు ఒక రూడు. 4 రూడులు ఒక ఎకరము.

ఈ పట్టీలో ఇంటి పేరుకంటె చేని పేరు ఎక్కువ మాటలాడును. 'కై' యనిన చేను. 'కైర్ వెలిన్' అనిన మరచేను. నేడు అచ్చట మర లేకున్నను ఒకప్పుడు నీటిమర ఆ సమీపమున నుండియుండునని యూహింపవచ్చును. 'కైర్ ఓదిన్' అనిన ఆవపుచేను, అనగా ధాన్య మెండబెట్టు కొలిమియో సున్నపుబట్టియో ఉండిన చేను. అట్లే 'తవర్న్' అను మాట చేని పేరులో కనబడినచో, ఆ ప్రక్క యిల్లు పూర్వము బసయిల్లేమో యని వెదకుట ప్రారంభింపవచ్చును. వేల్సుయొక్క ఈ పటములు అబెరిస్ట్విత్ పట్టణమందు 1907లో స్థాపింపబడిన జాతీయ గ్రంథాలయమున భద్రము చేయబడినవి. ఇప్పుడు ఆ గ్రంథాలయమువారు వెయ్యికి మించిన పటములను ఛాయాచిత్రములు తీయించి, ఇంటర్నెట్టులో ఎవరైనను ఉచితముగా చూచునట్లు చేసిరి. పాఠశాలలోని కంప్యూటరు ముందు కూర్చుండి మన విద్యార్థి సయితము వేల్సులోని ఒక చేని పేరు చదువవచ్చును.

రెండవది జనాభా లెక్క. బ్రిటనులో 1801 మొదలు పదేండ్లకొకసారి లెక్క తీసిరి. ఐనను ప్రతి మనుష్యుని పేరును వ్రాసి భద్రపఱచినది 1841 మొదలుగానే. 1851లో సేద్యము చేయువాడు తనకెన్ని యెకరములున్నవో, ఎందఱు పనివాండ్రున్నారో చెప్పవలసి వచ్చెను. కనుక ఆ లెక్కలలో 'బసయింటి యజమానియు, ఇన్ని యెకరముల రైతును' అను వర్ణన దొరకుచుండును. లెక్క వ్రాయువాడు ఇంటింటికి నడచిన వరుసలోనే వ్రాసెను గనుక, పేరులేని యింటిని దాని యిరుగుపొరుగు పేరులనుబట్టి గుర్తింపవచ్చును. ఈ లెక్కలు నూఱేండ్లు గడచినగాని ప్రజలకు చూపబడవు. 1921 నాటివి 2022లో బయటికి వచ్చినవి. 1931 నాటి లెక్క కాగితములు 1942లో అగ్నిపాలైనవి. 1941లో యుద్ధకారణమున లెక్కయే తీయలేదు. కనుక ఆ లోటును కొంతవఱకు తీర్చునది 1939 సెప్టెంబరులో యుద్ధారంభమున తీసిన రిజిస్టరు. కమతముల విషయమున 1941 మొదలు 1943 వఱకు జరిగిన జాతీయ వ్యవసాయ పరిశీలన మఱియొక ఆధారము. ఆహారము కొఱవడకుండుటకై 5 ఎకరములును అంతకు మించినదియు నగు ప్రతి కమతమునందును పంటలను, పశువులను, నీటి వసతిని పరీక్షించి వ్రాసిరి.

మూడవది లైసెన్సు కాగితములు. 1552లో చేసిన శాసనము ప్రకారము బీరు అమ్మువాడు ఇద్దఱు మేజిస్ట్రేట్ల యనుమతి పొంది, తన యింట అల్లరియు నిషిద్ధములైన జూదములును జరుగనీయనని జామీనుతో ముచ్చిలిక వ్రాసి యీయవలెను. 1753 మొదలు ఈ ముచ్చిలికలను జిల్లా గుమాస్తా భద్రపఱుపవలసి వచ్చెను. ఇందు అమ్మువాని పేరును, పేరిషు పేరును తప్పక యుండును. బసయింటి పేరు మాత్రము తఱచుగా ఉండదు. ఇంకొక చిక్కు కూడ కలదు. 1830లో చేసిన శాసనము వలన రెండు గినీలు చెల్లించి, మేజిస్ట్రేటును ఆశ్రయింపకయే బీరు అమ్ముకొను వీలు కలిగెను. 1869లో ఈ వీలు తీసివేయబడెను. ఆ నడిమి కాలపు చిన్న బీరు ఇండ్లను లైసెన్సు పట్టీలలో వెదకి, కనబడలేదు గనుక అవి లేవని వ్రాసినచో తప్పు. ఒక పట్టీయొక్క మౌనమును సాక్ష్యముగా తీసికొనరాదు.

నాలుగవది జమీందారీ కాగితములు. వేల్సులో నేల చాల వఱకు పెద్ద భూస్వాములది, రైతులు కౌలుదారులు. పదునెనిమిదవ శతాబ్దమున కౌలు తఱచుగా ముగ్గురు మనుష్యుల ఆయుష్షునుబట్టి యిచ్చెడివారు. సాధారణముగా కౌలుదారు పేరును, అతని భార్య పేరును, ఒక బిడ్డ పేరును వ్రాయుదురు. ఆ ముగ్గురిలో చివరివారు మరణించువఱకు కౌలు చెల్లును. ఇంటి చరిత్ర వెదకువానికి ఇది నిధివంటిది. ఒక్క కాగితములో సంసారమంతయు కనబడును. అద్దె రొక్కముగాక, క్రిస్మసునకు కోళ్లీయవలెననియు, కోతకు ఇన్ని దినములు పనికి రావలెననియు షరతులుండును. బసయింటి పేరే ఒక్కొక్కసారి ఈ కాగితములకు దారి చూపును. 'విన్‌స్టే ఆర్మ్స్' అను పేరు తలుపుమీద నున్నచో, ఆ ప్రాంతపు భూమి విన్‌స్టే జమీందారులదై యుండునని యూహించి, ఆ జమీ కాగితములను మొదట తెఱవవలెను.

ఐదవది వీలునామాలు. 1858కి పూర్వము వీలునామాలు సంఘ న్యాయస్థానములలో రుజువు చేయబడెడివి. అట్టి వెల్షు వీలునామాలు 1,90,000కు మించి జాతీయ గ్రంథాలయమున నున్నవి. పాతవాటిలో పలువాటికి చనిపోయినవాని సామాను జాబితా జతపఱుపబడి యుండును. ఇన్ని ఆవులు, ఇన్ని గొఱ్ఱెలు, ఒక నాగలి, రెండు పరుపులు అని యుండును. ఆ జాబితాలో బీరు కాచు పెద్ద పాత్రలు, ఒక సంసారమునకు కావలసినదానికంటె ఎక్కువ పడకలు, గిన్నెలు కనబడినచో, అది వట్టి రైతు ఇల్లు కాదేమో యని యోచింపవలెను. ఇవిగాక పాత వార్తాపత్రికలు కలవు. స్వాన్సీలో 1804లో ఆరంభమైన 'ది కేంబ్రియన్' వేల్సులో మొదటి ఇంగ్లీషు వారపత్రిక. భూముల వేలములును, హఠాన్మరణములపై విచారణలును బసయిండ్లలోనే జరిగెడివి గనుక, ఆ ప్రకటనలలో బసయిండ్ల పేళ్లు మాటిమాటికి వచ్చును.

ఆధారము లిన్ని యుండగా పని సులభమే యని తలపవలదు. త్రోవలో గోతులు కలవు.

మొదటి గోయి, మనుష్యుల పేళ్లు. పూర్వము వెల్షువారికి మనవలె నిలుకడయైన ఇంటిపేర్లు లేవు. కొడుకు తన పేరునకు తండ్రి పేరు చేర్చుకొనును. 'ఆప్' అనిన 'కుమారుడగు' అని యర్థము. డేవిడ్ కుమారుడగు జాన్, జాన్ కుమారుడగు విలియం, ఇట్లు తరము తరమునకును పేరు మారును. తరువాత నిలుకడయైన ఇంటిపేర్లు వచ్చినను, అవి జోన్సు, డేవిస్, విలియమ్స్, ఇవాన్స్, థామస్ అను కొద్ది పేర్లలోనే ముగిసినవి. ఒక్క పేరిషులో పదిమంది జాన్ జోన్సులుండినచో, వారిని వేఱుచేయున దేది? వారి కమతము పేరే. ఊరిలో ఒకనిని 'తీ మౌర్ జోన్సు' అనియు, మఱియొకనిని 'హావోద్ జోన్సు' అనియు పిలిచెడివారు. మన తెలుగువారిలో ఎన్నియో ఇంటిపేర్లు పూర్వులు విడిచివచ్చిన గ్రామముల పేర్లే కదా! నేల పేరు మనిషికి అంటుకొనుట రెండు దేశములందును ఉన్నదే. అందుచేత వేల్సులో కమతము పేరు నశించుటయనగా ఒక గోడ కూలుట మాత్రమే కాదు. పదిమంది జాన్ జోన్సులలో ఒకని గుర్తు చెరిగిపోవుట.

రెండవ గోయి, అక్షరముల మార్పు. వెల్షు భాషలో కొన్ని సందర్భములయందు మాట మొదటి అక్షరము మెత్తబడును. 'తవర్న్' అను మాటకు ముందు 'ఆ' అను నర్థమిచ్చు చిన్న మాట చేరినచో అది 'దవర్న్' అగును. 'పోంట్' యనిన వంతెన, అది 'బోంట్' అగును. 'కారెగ్' అనిన రాయి, అది 'గారెగ్' అగును. అనగా క, త, ప లకు గ, ద, బ లు వచ్చును. మన వ్యాకరణములోని సరళాదేశ సంధి చదివిన విద్యార్థులకు ఇది క్రొత్త కాదు. పూచెను, కలువలు అనునవి కలిసి 'పూచెఁ గలువలు' ఐనట్లే యిదియు. కనుక అకారాది పట్టీలో ఒక యింటి పేరును 'త' క్రింద చూచి లేదని మూసివేయరాదు. 'ద' క్రిందను చూడవలెను. దీనికితోడు వెల్షు తెలియని గుమాస్తాలు చెవికి వినబడినట్లు ఇంగ్లీషు వర్ణక్రమముతో వ్రాసిరి. ఒక్క ఇంటి పేరు నాలుగు కాగితములలో నాలుగు విధములుగా నుండుట సాధారణము.

మూడవ గోయి, ఒకే పేరు పలు యిండ్లకుండుట. 'తీ నెవిద్', అనగా క్రొత్తయిల్లు, అను పేరు వేల్సునందంతటను కలదు. పేరు కనబడగానే సంతోషించి, అది మన యిల్లే యని నిశ్చయింపరాదు. పేరిషు పేరు, భూస్వామి పేరు, ప్రక్క కమతముల పేర్లు, ఈ మూడును కుదిరినప్పుడే ఒప్పుకొనవలెను.

కనుక ఈ పనికి సూత్ర మొక్కటే. తెలిసినదానినుండి తెలియనిదానికి, దగ్గఱి కాలమునుండి వెనుకటి కాలమునకు మెట్టు మెట్టుగా పోవలెను. 1921 లెక్కనుండి 1911కి, అట్లు 1841కి, అచ్చటనుండి దశమభాగపు పటమునకు, అచ్చటనుండి కౌలు పత్రములకును వీలునామాలకును పోవలెను. ఒక్క సాక్షి మాటమీద ఏ న్యాయాధిపతియు తీర్పు చెప్పడు. ఇద్దఱు ముగ్గురు సాక్షులు ఒకరినొకరు ఎఱుగకయే ఒక్క మాట చెప్పినప్పుడు అది నిలుచును. ఈ కాగితములలో గొప్ప గుణమేమనగా, వీనిని వ్రాసినవారెవ్వరును చరిత్ర కొఱకు వ్రాయలేదు. ఒకడు దశమభాగము కొఱకును, ఒకడు అద్దె కొఱకును, ఒకడు లైసెన్సు రుసుము కొఱకును వ్రాసెను. ఇంటిని పొగడవలెనని గాని దాచవలెనని గాని వారికి లేదు. డబ్బు కొఱకు వ్రాసిన లెక్కలే ఎవరును పాడని పేదల యిండ్ల పేళ్లను కాపాడినవి.

వీని విలువ యెంతటిదో ఒక్క ఉదాహరణముతో చెప్పి ముగించెదను. మధ్య వేల్సులో ఎపింట్ అను కొండ ప్రాంతము కలదు. తరతరములుగా గొఱ్ఱెలు మేపుకొను వెల్షు రైతులు అచ్చట నివసించిరి. పశువులు తోలువారి పాత బాట ఆ కొండమీదుగా పోవుచుండెను. బాటప్రక్కను డ్రోవర్స్ ఆర్మ్స్ అను బసయిల్లును, లోయలో ఒక చిన్న బడియును, 'బాబెల్', అనగా గుడారము, అను పేరుగల ప్రార్థనామందిరమును ఉండెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940లో, ఫిరంగుల సాధన కొఱకు యుద్ధశాఖవారు ఆ నేలను తీసికొని, 54 ఇండ్లనుండి 219 మందిని ఖాళీ చేయించిరి. జాతీయ ప్రదర్శనశాల యుద్యోగియగు యోర్వర్త్ పీట్ ఆ యిండ్ల ఛాయాచిత్రములు తీసికొనుటకు పోయినప్పుడు, ఇంటి ముంగిట కుర్చీ వేసికొని కొండవైపు కన్నార్పక చూచుచున్న ఒక వృద్ధురాలు కనబడెను. ఇచ్చట లోకమే ముగిసిపోయినది, నీవు త్వరగా నీ యింటికి తిరిగి పొమ్మని ఆమె అతనితో చెప్పెనట.

యుద్ధము ముగిసినను ఆ రైతులకు ఇండ్లు తిరిగి రాలేదు. ఆ నేల సైన్యమువారి చేతనే నిలిచిపోయినది. ఇండ్లు చాల వఱకు కూలిపోయినవి. మందిరపు స్థలమును, సమాధులును, బసయింటి గోడలును మిగిలినవి. ఐతే ఆ కమతములు లేవని ఎవరనగలరు? దశమభాగపు పటము తెఱచినచో వాని చేలు నంబరు నంబరుగా నున్నవి. జనాభా లెక్క తెఱచినచో ఏ యింట ఎందఱు బిడ్డలుండిరో వయస్సులతో నున్నది. తుపాకులు ఇంటిని కూల్చినను, గుమాస్తా సిరాచుక్కను చెరుపలేకపోయినవి.

అదే యోర్వర్త్ పీట్ ప్రయత్నమున 1948లో కార్డిఫ్ నగర సమీపమున సెయింట్ ఫేగన్స్ అను చోట జానపద ప్రదర్శనశాల తెఱవబడెను. వేల్సు నలుమూలలనుండి పాత కమతపుటిండ్లను రాయి రాయిగా విప్పి తెచ్చి, అచ్చట మరల కట్టిరి. కార్డిఫ్ లోని వల్కన్ అను పాత బసయిల్లు సయితము 2012లో విప్పబడి, 2024లో అచ్చట తిరిగి తెఱవబడెను. అన్ని యిండ్లను ఇట్లు మోసికొని పోలేరు గదా! అందుచేత 2016లో వేల్సు శాసనసభ చేసిన చట్టము ప్రకారము చారిత్రక స్థలనామముల పట్టీ యొకటి తయారు చేయబడి, 2017లో సుమారు మూడున్నర లక్షల పేర్లతో ప్రకటింపబడెను. గ్రామములు, కమతములు, చేలు, అన్నియు నందున్నవి. క్రొత్తగా ఇల్లు కొన్నవారు పాత పేరు తీసివేసి తమ కిష్టమైన ఇంగ్లీషు పేరు పెట్టుకొనుట ఎక్కువగుచున్నందున, కనీసము పాత పేరు వ్రాతలోనైన నిలుచుగాక యని వారి తలంపు.

విద్యార్థులారా! మీ గ్రామములోను పూటకూళ్లవారి యిల్లు, గానుగవారి సందు, పాత సత్రపు దొడ్డి, చాకిరేవు చేను అను పేళ్లుండును. వానిలో కొన్ని ఏ కాగితములోను లేవు; మీ అవ్వల నోట మాత్రమే యున్నవి. రాబోవు సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని, ఇంటి పెద్దల యొద్ద కూర్చుండి, వారు చెప్పిన పేరును, చెప్పినవారెవరో, చెప్పిన తేదీయు వ్రాసికొనుడు. తలిదండ్రులారా! పెట్టె అడుగున నున్న పాత కౌలు కాగితములను, దస్తావేజులను చెదలకు విడువక మీ బిడ్డలకు చూపుడు. "వ్రాతమూలకమైన ఆధార మేది?" అని నన్నడిగిననాడు నాయొద్ద జవాబు లేకపోయినది. మీ బిడ్డలను ఎవరైన అట్లడిగిననాడు వారి చేతిలో ఒక్క నోటుపుస్తకమైన నుండవలెనని నా కోరిక.